మనం అంశం కాదు, వక్తలం

మన పక్క పట్టణంలో వున్న డిగ్రీ కాలేజీవాళ్లు వొక కరపత్రం వేశారు. వచ్చే నెల నుంచి నెలకు రెండు శనివారాలు, పొద్దున పదకొండు గంటలకు, "సమకాలీన సమస్యలు - ఉపన్యాసాలు, చర్చలు" జరుపుతారట. ప్రజలందరూ ఆహ్వానితులే అని అడుగున పెద్దక్షరాలతో రాశారు. నున్నటి కాగితం, నాలుగు రంగులు. అయితే ఆ కరపత్రం మన పేటల దాకా రాలేదు. హాస్టలు పిల్లలు ఫోన్లో ఫొటో తీసి పంపితే చూశాం. వాళ్ల లెక్కలో ప్రజలంటే ఎవరో అక్కడే తేలిపోయింది.

ఆరు సభలు, ఆరు అంశాలు, పన్నెండు మంది వక్తలు. మొదటి సభ అంశం "రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లు?" తర్వాతవి యువతలో విలువలు, కృత్రిమ మేధ, పర్యావరణం, వొకే దేశం వొకే ఎన్నిక, మహిళా సాధికారత. వక్తల్లో రిటైరైన ఆఫీసర్లున్నారు, డాక్టర్లున్నారు, వొక రైసుమిల్లు యజమాని వున్నాడు, వొక స్వామి కూడా వున్నాడు. పర్యావరణం గురించి మాట్లాడేది ఆ మిల్లు యజమానే. ఆడవాళ్లు యిద్దరే. ఆ యిద్దరినీ మహిళా సాధికారతకే సర్దారు. మన పేటల నుంచి చదువుకుని పైకొచ్చిన లెక్చరర్లు, లాయర్లు, నర్సులు, బ్యాంకు వుద్యోగులు యీ జిల్లాలో ఎంతమంది లేరు? పన్నెండు మందిలో వొక్క పేరు కూడా మనది లేదు. రిజర్వేషన్ల సభకు కూడా లేదు. అంటే, మన గురించి మాట్లాడతారు, మనతో మాట్లాడరు.

పదిహేను రోజులుగా మాకు వుత్తరాలూ ఫోన్లూ వస్తున్నాయి. కుర్రాళ్లు చాలామంది బహిష్కరించాలంటున్నారు. గేటు ముందు నల్లజెండాలు పట్టుకుందాం, లోపలికి పోతే వాళ్ల సభకు మనమే విలువ యిచ్చినట్టవుద్ది అంటున్నారు. పెద్దవాళ్లు యింకోరకంగా అంటున్నారు: "ఎందుకయ్యా మనకీ గోల? పిల్లలు చదువుకోడానికి పోయారు, చదువుకోనివ్వండి. వాళ్లు ఏదో మాట్లాడుకుంటారు, పోతారు." యీ రెండు మాటల్లోనూ బాధ వుంది. రెండిటినీ మేం తేలిగ్గా తీసెయ్యం. కానీ మా మాట వేరు. వెళ్లాల. హాలు నిండా వెళ్లాల. పిలవకపోయినా వెళ్లాల.

బహిష్కరణ అనే ఆయుధాన్ని మనం పట్టుకునే ముందు అది ఎవరిదో ఆలోచించాల. బావి కాడ, గుడి కాడ, హోటలు కాడ మనల్ని బయట నిలబెట్టినవాళ్ల ఆయుధం అది. మనం బయట వుండడమే వాళ్లకు సుఖం. మనం రాకపోతే సభ ప్రశాంతంగా జరిగిందని మర్నాడు పేపర్లో వేసుకుంటారు. నల్లజెండా గేటు బయటే ఆగిపోద్ది. ప్రశ్న హాలు లోపలికి పోద్ది.

అసలు ఆ హాలు ఎవరిది? 1882లో హంటరు కమిషన్ ముందు జోతిరావు ఫూలే వొక సంగతి చెప్పారు. రైతులూ కూలీలూ కట్టిన పన్నులతో సర్కారు పెద్దచదువులు నడుపుతోంది, ఆ చదువులు మాత్రం బ్రాహ్మలూ పైకులాలవాళ్లూ అనుభవిస్తున్నారు, ముందు కింది కులాల పిల్లలకు ప్రాథమిక విద్య పెట్టండి అన్నారు. నూట నలభై ఏళ్లు దాటింది ఆ మాట చెప్పి. మన కాలేజీ హాలుకి రాళ్లు మోసింది ఎవరో, యీనాటికీ పొద్దున్నే వూడ్చేది ఎవరో అందరికీ తెలుసు. అగ్గిపెట్టె కొన్నా, ఫోను రీచార్జి చేయించినా మనం పన్ను కడుతూనే వున్నాం. ఆ హాల్లో కుర్చీ మనకు వాళ్లు పెట్టే భిక్షం కాదు.

అయితే హాలు అనేది మనకు అంత తేలిక మాట కూడా కాదు. 1991లో చుండూరులో గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు సీట్లోవాడికి తగిలిందని మొదలై, సాంఘిక బహిష్కరణ దాకా పోయి, ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి కాలవల్లో వేసేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కాబట్టి పెద్దవాళ్లు "ఎందుకీ గోల" అంటే అది పిరికితనం కాదు. చూసినవాళ్ల భయం అది. ఆ భయానికి జవాబు చెప్పే బాధ్యత పిలుపునిచ్చే మాలాంటివాళ్ల మీద వుంది.

పోయినేడు అదే కాలేజీలో జరిగింది చెప్పాల. ప్రతిభ గురించి వొక పెద్దమనిషి గంటన్నర మాట్లాడాడు. అందరికీ వొకే పోటీ, వొకే కొలత వుంటేనే దేశం బాగుపడుద్ది అన్నాడు. చివర్లో ప్రశ్నలడగమంటే డిగ్రీ రెండో సంవత్సరం చదివే మన అమ్మాయి లేచింది. "మా నాన్న మురుగు కాలవలో దిగి పూడిక తీస్తాడు సార్. ఆ పనికి పోటీపరీక్ష ఎందుకు పెట్టరు? అందరూ రాయొచ్చు కదా" అని అడిగింది. హాల్లో కొంతమంది నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. వక్తగారు "భావోద్వేగం వొద్దమ్మా, విషయం మాట్లాడు" అన్నాడు. మైకు తీసుకున్నారు. సోమవారం ఆఫీసు రూములోకి పిలిచి కాలేజీ పరువు తీశావన్నారు. స్కాలర్‌షిప్పు కాగితం మీద సంతకానికి రేపు రా, ఎల్లుండి రా అని పద్దెనిమిది రోజులు తిప్పారు. వాళ్లమ్మ రెండు కూలిరోజులు పోగొట్టుకుని గేటు దగ్గర నిలబడింది.

భావోద్వేగమట! తండ్రి చేసే పని ఏమిటో చెప్పడం భావోద్వేగం, గంటన్నర సేపు ప్రతిభ ప్రతిభ అని పాడడం విషయం. మన బతుకు మన నోట్లోంచి వస్తే ఏడుపు, వాళ్ల నోట్లోంచి వస్తే సమాజశాస్త్రం. ఆ అమ్మాయి అడిగింది భావోద్వేగం కాదు, లెక్క. మురుగు గుంతల్లో దిగి యీ దేశంలో యిప్పటికీ మనుషులు చచ్చిపోతున్నారు. 2013లో చట్టం వచ్చింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు అట్లా చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షల రూపాయలు యివ్వాలని చెప్పింది. ఆ చనిపోయేవాళ్ల కులాలు ఏమిటో ఎవర్నీ అడగక్కర్లేదు. మునిసిపాలిటీలో చీపురు పట్టే పని "ఇంకెన్నాళ్లు?" అని వొక్క కాలేజీ సభ పెట్టదేం? గుడి గర్భాలయంలో నూటికి నూరుపాళ్లూ వొకే కులానికి నడుస్తున్న రిజర్వేషను ఇంకెన్నాళ్లు అని అంశం పెట్టదేం?

మేం బళ్లో పాఠాలు చెప్పేవాళ్లం కూడా. వక్తృత్వ పోటీలు ఎట్లా జరుగుతాయో మాకు తెలుసు. చీటీలు వేస్తారు. కొందరికి "అనుకూలం", కొందరికి "వ్యతిరేకం" వస్తుంది. తొమ్మిదో తరగతి చదివే మాదిగ పిల్లోడికి "రిజర్వేషన్లకు వ్యతిరేకం" అనే చీటీ వస్తే వాడు ఏం చెయ్యాల? వాడు బాగా మాట్లాడితే వాడి అన్న సీటుకు ఎసరు, మాట్లాడకపోతే వాడికి బహుమతి రాదు. పక్కనున్న దొరబిడ్డకు అది ఆట. ఏ చీటీ వచ్చినా సాయంత్రం యింటికి పోయి అన్నం తింటాడు. చర్చలో రెండు పక్షాలూ సమానం అని మాస్టర్లు చెబుతుంటారు. వొకడికి వాదన, యింకొకడికి బతుకు అయినప్పుడు సమానం ఎక్కడిది? యీ సంగతి మాస్టర్లే గుర్తించాల. అలాంటి చీటీలు రాయడం మానెయ్యాల.

చర్చలంటే మనకు భయం లేదు. మన వుద్యమం పుట్టిందే ఉపన్యాసాల్లోంచి. భాగ్యరెడ్డివర్మ ఏ కాలేజీ గుమ్మం ఎక్కారు? హైదరాబాదు బస్తీల్లో, సభల్లో, జాతరల్లో వేల ఉపన్యాసాలు చెప్పారు. 1917లో బెజవాడలో పంచముల మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. పంచములం కాదు, యీ నేలకు మొదటివాళ్లం, ఆదిఆంధ్రులం అని పేరు మార్చుకున్నది ఆ సభలోనే. పేరు మార్చుకోవడం చిన్న పని కాదు. పైవాళ్లు పెట్టిన అంశాన్ని కొట్టేసి మన అంశం మనం రాసుకోవడం అది.

బాబాసాహెబు సంగతి చూడండి. లాహోరులో జాత్‌పాత్ తోడక్ మండల్ అని కులం పోవాలనే సంఘం వుండేది. సంస్కర్తలే నడిపేవాళ్లు. 1936లో జరిగే తమ వార్షిక సభకు ఆయన్ని అధ్యక్షుడిగా పిలిచారు. ఉపన్యాసం ముందే రాసి పంపితే చదివి బెదిరారు. వేదాలమీద, శాస్త్రాలమీద రాసిన ముక్కలు తీసెయ్యమన్నారు. ఆయన వొక్క కామా కూడా మార్చేది లేదన్నారు. సభే మానుకున్నారు వాళ్లు. ఆయన తన డబ్బు పెట్టి 1500 కాపీలు అచ్చు వేయించారు. అదే "కులనిర్మూలన". చెప్పనివ్వని ఉపన్యాసం యీనాటికీ దేశమంతా చదువుతోంది. సభ రద్దు చేసినవాళ్ల పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి?

మనవాళ్లు యీ లాహోరు కథను తరచు చెప్పుకుంటారు. దానికి రెండో సగం చెప్పుకోరు. సభలో చోటివ్వలేదని ఆయన సభలను వొదిలెయ్యలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఆ కాలేజీలో విద్యార్థులకు పార్లమెంటు వుండేది. దేశం ముందున్న బిల్లుల మీద పిల్లలే వాదించుకునేవాళ్లు. 1950 జనవరిలో, రాజ్యాంగం అమలులోకి రావడానికి కొద్దిరోజుల ముందు, దేశానికి న్యాయశాఖ మంత్రిగా వున్న మనిషి ఆ పిల్లల పార్లమెంటుకు వచ్చి హిందూ కోడ్ బిల్లు గురించి మాట్లాడారు. అసలు పార్లమెంటులో ఆ బిల్లును అడ్డుకుంటున్నవాళ్లు అడ్డుకుంటూనే వున్నారు. తర్వాతేడు అది ముందుకు పోకపోవడం వొక ముఖ్య కారణంగా ఆయన రాజీనామా యిచ్చారు. అంత పనిలో వున్న మనిషి కాలేజీ కుర్రాళ్ల చర్చకు ఎందుకు పోయారు? ఆడవాళ్ల ఆస్తి హక్కు, విడాకుల హక్కు ఢిల్లీలో ఆగిపోయినా యిరవై ఏళ్ల పిల్లల తలలోకి ఎక్కితే ఆగదని ఆయనకు తెలుసు. సమకాలీన సమస్యల మీద కాలేజీలో చర్చ అంటే అట్లా వుండాల.

యిప్పుడు పెద్దవాళ్ల భయం దగ్గరికి మళ్లీ వద్దాం. 2014లో మద్రాసు ఐఐటీలో కొంతమంది విద్యార్థులు అంబేద్కర్ పెరియార్ స్టడీ సర్కిల్ అని పెట్టుకున్నారు. చర్చలు జరిపారు, కరపత్రాలు వేశారు. ఎవరో ఢిల్లీలో మంత్రిత్వశాఖకు ఆకాశరామన్న వుత్తరం రాశారు. 2015 మేలో ఆ సర్కిల్ గుర్తింపు రద్దయింది. దేశమంతా గొడవయ్యాక జూన్‌లో తిరిగి యిచ్చారు. పేరూ వూరూ లేని వుత్తరానికి వున్న విలువ, పేరు పెట్టుకుని మాట్లాడిన పిల్లలకు లేకపోయింది. అదే ఏడాది హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ పిల్లలు, ఢిల్లీ యూనివర్సిటీలో వొక డాక్యుమెంటరీ ప్రదర్శనను అడ్డుకున్నందుకు నిరసన తెలిపారు. అక్కణ్ణుంచి మొదలైన గొడవ ఐదుగురిని హాస్టలు నుంచి వెళ్లగొట్టేదాకా పోయింది. వాళ్లు ఆరుబయట గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు. గుంటూరు బిడ్డ. తల్లి కుట్టుమిషను మీద పెంచిన బిడ్డ.

అందుకని కుర్రాళ్లకు గట్టిగా చెబుతున్నాం. వొక్కరూ వొంటరిగా లేవొద్దు. పోయినేడు ఆ అమ్మాయి లేచినప్పుడు హాల్లో మనవాళ్లు పదకొండు మంది వున్నారు. ఆమె తర్వాత యింకొకరు లేచి అదే ప్రశ్న అడిగితే మైకు లాక్కునేవాళ్లు కాదు. సోమవారం ఆఫీసు రూములోకి ఆమెతోపాటు పదిమంది పోయుంటే సంతకం పద్దెనిమిది రోజులు ఆగేది కాదు. యీసారి పిల్లలతోపాటు పేటల నుంచి పెద్దవాళ్లు వస్తారు. ప్రజలందరూ ఆహ్వానితులని వాళ్లే రాశారు కదా. సంఘం తరఫున వొక లాయరుగారు, యిద్దరు ముగ్గురు టీచర్లు ప్రతి సభకూ వచ్చేట్టు ఏర్పాటు చేశాం. అడిగిన ప్రశ్నలూ వచ్చిన జవాబులూ అక్కడికక్కడే నోటుబుక్కులో రాస్తాం. మర్నాడు ఏ పిల్లనైనా పిలిపిస్తే ఆ బుక్కు తీసుకుని మేం కూడా పోతాం.

వెళ్లేవాళ్లు వుత్త చేతులతో వెళ్లొద్దు. "రిజర్వేషన్లు ఇంకెన్నాళ్లు?" అనే సభలో మొట్టమొదట ఏం వస్తుందో యిప్పుడే చెప్పగలం: అంబేద్కరే పదేళ్లన్నాడు కదా అంటారు. ముప్పై ఏళ్లుగా వింటున్నాం యీ మాట. పదేళ్ల గడువు రాజ్యాంగంలో 334వ అధికరణంలో వుంది. అది లోక్‌సభలో, అసెంబ్లీల్లో సీట్లకు మాత్రమే. చదువుకీ వుద్యోగానికీ యే గడువూ రాయలేదు. ఆ సీట్ల గడువును కూడా ప్రతి పదేళ్లకూ అన్ని పార్టీలూ కలిసి పొడిగిస్తూ వచ్చాయి. చివరిసారి 2019లో 104వ సవరణతో 2030 దాకా పొడిగించారు. మన సీట్లలో మనవాళ్లు గెలవాలన్నా అందరి వోట్లూ కావాల గనక ఆ సీట్లంటే వాళ్లకు పేచీ లేదు. పేచీ అంతా డాక్టరు సీటు మీద, కలెక్టరు కుర్చీ మీద. వక్తగారు పదేళ్లు అనగానే "ఏ అధికరణం సార్?" అని అడగండి. మర్యాదగా, కూచునే అడగండి.

రెండోది, రిజర్వేషన్ల వల్ల అర్హత వున్న పిల్లలు అన్యాయమైపోతున్నారనే కథ. యీ కథకు తల్లికథ మన మద్రాసు రాష్ట్రంలోనే వుంది. అప్పుడు కోస్తా, సీమ జిల్లాలు అందులోనే వుండేవి. కమ్యూనల్ జీవో ప్రకారం కాలేజీల్లో ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో యిండియన్లూ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ అనే ఆవిడ మెడికల్ కాలేజీలో తనకు అన్యాయం జరుగుద్దని కోర్టుకు పోయింది. 1951లో సుప్రీంకోర్టు జీవోను కొట్టేసింది. అసలు ఆవిడ సీటుకు దరఖాస్తే పెట్టలేదు. ఆ సంగతి తీర్పులోనే వుంది. దరఖాస్తు పెట్టని మనిషికి జరగబోయే అన్యాయానికి దేశం కదిలింది. కానీ దక్షిణాదిలో పెద్ద ఆందోళన లేచి, అదే ఏడాది మొదటి రాజ్యాంగ సవరణ తెచ్చి 15(4) చేర్చారు. మన పిల్లలు యివాళ కాలేజీలో కూచున్నారంటే ఆ నాలుగో క్లాజు మీద కూచున్నారు. ఆ పదిమాటలూ ప్రతి హాస్టలు గోడమీదా రాయించాలని మా ఆలోచన.

మూడోది, కులం కాదు, పేదరికం చూడాలంటారు. బాగుంది. 2019లో 103వ సవరణ చేసి పేదలకంటూ 10 శాతం యిచ్చారు. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ముగ్గురు యిద్దరుగా చీలి దాన్ని నిలబెట్టింది. అందులో మన పేదలకు చోటు లేదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలను బయట పెట్టి చేసిన పేదల కోటా అది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు అంటే పేదలేనట. నెలకు 66 వేలు! మన మిరపకోత కూలీ అక్కకు యీ అంకె చెప్పి చూడండి, నవ్వుద్దో ఏడుస్తుందో. ఆ 10 శాతం ఇంకెన్నాళ్లు అని సభ పెట్టిన కాలేజీ ఎక్కడైనా వుందా? వున్నట్టు మేం వినలేదు.

ప్రతిభ గురించి ఎక్కువ చెప్పం. 2022 జనవరిలో నీట్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, పరీక్షలో వచ్చిన మార్కులొకటే ప్రతిభకు కొలత కాదని. కోచింగుకు లక్షలు పోసి కొనుక్కున్న మార్కులకు, పొద్దున గేదెలకు గడ్డి కోసుకొచ్చి రాసిన మార్కులకు తేడా మన పిల్లలకు వొకరు చెప్పాల్సిన పని లేదు.

యిక్కడిదాకా ఎదుటివాళ్ల సంగతి. యిప్పుడు మన సంగతి.

ఆ సభలో ఎవరో వొకరు లేచి తప్పకుండా అడుగుతారు: "మీలో మీకే పడదు కదా, వర్గీకరణ గురించి ఏమంటారు?" అడిగి వెనక్కి ఆనుకుని చూస్తారు. మాలలు వొక పక్క, మాదిగలు వొక పక్క లేచి వాళ్ల ముందు కొట్టుకుంటే అదే వాళ్లకు వినోదం. యీ అంశం మీద మనవాళ్లు ఆ హాల్లో వొకరినొకరు అనొద్దని మా విన్నపం. దాచుకోడానికి కాదు. మన పంచాయితీకి వాళ్లు పెద్దమనుషులు కాకూడదని.

వర్గీకరణ మీద యీ పత్రిక అభిప్రాయం మొదటినుంచీ వొకటే. అది న్యాయమైన కోరిక. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగినప్పుడు లేచింది పక్క కులం మీద పగ కాదు, మా వాటా ఏదీ అనే ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో చట్టం వచ్చి, 2004లో సుప్రీంకోర్టులో కొట్టుకుపోయి, మళ్లీ 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల్లో ఆరుగురు రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పేదాకా ముప్పై ఏళ్లు పట్టింది. 2025 ఏప్రిల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ 15 శాతాన్ని మూడు భాగాలు చేశాయి. తెలంగాణలో 1, 9, 5. ఆంధ్రలో 1, 6.5, 7.5. యీ అంకెలతో అందరికీ తృప్తి లేదు. లెక్కలు సరిగా తియ్యలేదని మాల సోదరులు అంటున్నారు, వాళ్ల మాట కూడా వినాల్సిందే. రెల్లి, మెహతర్, బుడగజంగం లాంటి చిన్న కులాలవాళ్ల మాట యీ రెండు అరుపుల మధ్య ఎవరికీ వినపడడం లేదు. మురుగు గుంతలో ముందు దిగేది వాళ్లలోనివాళ్లే. మా పత్రిక పనివాళ్లలో మాలలున్నారు, మాదిగలున్నారు. యీ పేరా రాయడానికి మేం మూడు రాత్రులు వాదించుకున్నాం. అలాంటి వాదన పేటపేటలో జరగాల. అంబేద్కర్ భవనంలో, చర్చి వరండాలో, రావిచెట్టు కింద, వొకళ్ల మొహం వొకళ్లు చూసుకుంటూ జరగాల. ఫోన్లలో బూతులు పంపుకోవడం చర్చ కాదు. యీ చర్చ మన యింట్లో జరగనంత కాలం ఆ కాలేజీ హాల్లో మనకు గొంతు బొంగురుగానే వుంటుంది.

కాలేజీవాళ్లకు వొక అర్జీ రాశాం. సభలు రద్దు చెయ్యమని అడగలేదు. వక్తల్ని మార్చమని కూడా అడగలేదు, వాళ్లు చెప్పేది చెప్పనివ్వండి. మేం అడిగినవి యివి. మొదటి సభలో మనవాళ్లు యిద్దరికి, మిగతావాళ్లకిచ్చినంత టైము యివ్వాల. ఆరు అంశాలకు యింకో మూడు కలపాల: సబ్‌ప్లాన్ నిధులు, అసైన్డు భూములు, ఫీజు రీయింబర్సుమెంటు బకాయిలు. సబ్‌ప్లాన్‌కి 2013లో చట్టం వుంది. ఆ డబ్బు యేయే పద్దుల్లోకి మళ్లుతోందో మాట్లాడడానికి ఎకనామిక్సు లెక్చరర్లకంటే తగినవాళ్లు ఎవరు? అసైన్డు భూముల సంగతి యీ మండలంలో ప్రతి యింటి సంగతి. 1977 చట్టం ప్రకారం అమ్మడానికి వీల్లేని భూమిని యిరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని 2023 సవరణ చెప్పింది. అమ్ముకునే హక్కు వచ్చిందని సంతోషించాలా, కొనేవాడు ఎప్పుడొస్తాడా అని భయపడాలా? దీని మీద నిజంగానే రెండు పక్షాలున్నాయి. మనలోనే వున్నాయి. చర్చ అంటే దీనికి పెట్టాల. బకాయిల సంగతి చెప్పేదేముంది, 2025లో పక్క రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలే బందు పెట్టాయి, సర్టిఫికెట్లు ఆగిపోయి నష్టపోయేది మన పిల్లలు.

యింకా రెండు చిన్నవి. సభ టైము సాయంత్రం ఆరుకు మార్చాల. పొద్దున పదకొండు గంటలకు పెట్టి ప్రజలందరూ రండి అంటే కూలిపోయేవాళ్లు ఎట్లా వస్తారు? రెండోది, తెలుగులో మాట్లాడాల. మాటమాటకీ యింగ్లీషు దూర్చి మాట్లాడితే విద్వత్తు అనుకునేవాళ్లు యింకా వున్నారు. మన పిల్లలు యింగ్లీషు నేర్చుకోవాల, తప్పకుండా నేర్చుకోవాల, అందులో మనకు రెండో మాట లేదు. కానీ మన అమ్మలు వచ్చి కూచునే సభలో వాళ్లకు అర్థం కాని భాష మాట్లాడడం తలుపు వేసుకోవడమే.

అర్జీకి వొప్పుకుంటే సరే. వొప్పుకోకపోయినా మొదటి సభకు వెళ్తున్నాం. ఆ రోజే సాయంత్రం ఏడు గంటలకు పట్టణంలో అంబేద్కర్ బొమ్మ దగ్గర మన సభ వుంటుంది. పొద్దున ఆ హాల్లో చెప్పిన ప్రతి మాటకూ సాయంత్రం యిక్కడ జవాబు వుంటుంది. ఆ పన్నెండు మంది వక్తలకూ ఆహ్వానం పంపుతున్నాం. వాళ్లకు కుర్చీలు వేస్తాం, మైకు యిస్తాం, చెప్పేది పూర్తిగా వింటాం. ఎవరొస్తారో చూద్దాం.

పోయినేడు ప్రశ్న అడిగిన అమ్మాయి యిప్పుడు మూడో సంవత్సరం. మొన్న కనిపించింది. యీసారి కూడా వస్తానంది, ముందు వరసలోనే కూచుంటానంది. వాళ్ల నాన్న కూడా వస్తాడట, ఆ రోజు పనికి సెలవు పెట్టి.

అర్జీ నకలు యీ సంచిక వెనక అట్ట మీద వేశాం. చింపి, మీ పేటలో సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి, వచ్చే పక్షం సంచిక వచ్చేలోగా మన కార్యకర్తలకు అందించండి. హాస్టలు పిల్లల చేత మాత్రం సంతకాలు పెట్టించొద్దు. వాళ్ల తల్లిదండ్రులవి చాలు.